కన్ను లేని బొమ్మ

మా మనవరాలు శాంతి డాక్టరు చదువులో చేరిన మొదటి ఏడే ఒక శుక్రవారం పూట చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చేసింది. పండగ కాదు, జ్వరమూ కాదు. క్లాసులో అందరి ముందూ నిలబడి ఒక పాఠం చెప్పమన్నారట. తెర మీద బొమ్మలు వేసి చెప్పిందట. వింటున్నవాళ్లు ఒక్కొక్కరే నిద్రలోకి జారిపోయారట. వాళ్ల సారు లైట్లు వేయించి, "సోమవారం మళ్లీ చెప్పమ్మా, ఈసారి ఒక్కరన్నా మేలుకుని ఉండేట్టు చూడు" అన్నాడట. అప్పుడు మాత్రం అందరూ మేలుకుని నవ్వారట. పిల్ల సంచిని మంచం మీద పడేసి, "నేనింగ పోనవ్వా. ఆ తెర ముందర మళ్ల నిలబడేది నాతోన కాదు. చదువే వద్దు" అంది. మా వంశంలో పదో తరగతి దాటిన పిల్లే లేదు. నాకైతే బస్సు బోర్డు కూడబలుక్కుని చదవడం, సంతకం గీయడం తప్ప ఏమీ రాదు. అట్లాంటి ఇంట్లో పుట్టి అంత దూరం పోయిన పిల్ల, ఒక్క నవ్వుకు వెనక్కి వచ్చి మంచం ఎక్కి కూర్చుంటే నాకు సంగటి కెలకడానికి చేయి ఆడలేదు.

"ఆ పాఠమేదో నాకు చూపించు" అన్నాను.

"నీకేం అర్థమైతాదవ్వా?"

"అర్థం కాకపోతే నిద్రపోతా. మీవోళ్లు చేసిండేది అదే గదా."

దానికి నవ్వొచ్చింది. నవ్వు వచ్చిందంటే సగం దారికి వచ్చినట్టే. స్నేహితురాలి దగ్గర అడిగి తెచ్చుకున్న ఒక చిన్న పెట్టె తీసింది. కంప్యూటర్‌కు తగిలిస్తే చాలు, గోడ మీద బొమ్మ పడుతుంది. మా గోడకేమో నీలం సున్నం, మధ్యలో పెద్ద బీటు. బొమ్మలో ఉన్న పసిబిడ్డ నడుం మీదుగా ఆ బీటు పోయింది. "ఇట్ల కాదు, తెల్లగుడ్డ కావాల" అంది. పాఠం దేని గురించి అని అడిగాను. ఏదో ఇంగ్లీషు పేరు చెప్పి, "అదే అవ్వా, మాయ. బిడ్డ పుట్టినాక వెనక నుంచి వస్తాది చూడు, అది" అంది. తెల్లగుడ్డ కోసమే లేచాను గానీ, మాయ అన్న మాట వినగానే నాకు గుడ్డతో పాటు ఇంకొకటి కూడా గుర్తుకొచ్చింది. రెండూ ఒకే చోట ఉన్నాయి, మా నాయన రేకు పెట్టెలో.

ఆ పెట్టెను మా ఆయన ఉన్నన్నాళ్లూ ఏటా ఎండాకాలంలో తెరిచేవాడు. లోపలి తోళ్లకు కాస్త నీడపట్టున గాలి చూపించి, పాత వేపాకు తీసేసి కొత్తది పరిచి మళ్లీ మూసేవాడు. మామ సొత్తు అల్లుడు చూసుకున్నట్టు ఎవరు చూసుకుంటారే అని నాతో సరదాగా అనేవాడు. ఆయన పోయాక నేను ముట్టలేదు. ఆయన చేతి పని కదా అని కొంత, పెట్టె బరువని కొంత. ఆ రోజు శాంతీ నేనూ చెరొక వైపు పట్టి కిందికి దించాం. మూత ఎత్తగానే ఆముదం, మేకతోలు, పొడిబారిన వేపాకు అన్నీ కలిసిన వాసన ముక్కుకు కొట్టింది. నా వయసు ఒక్కసారిగా ఎటో పోయింది. పైన మడతపెట్టి మా నాయన తెరపంచె. దాని కింద, రొట్టెలంతేసి ఉన్న రెండు గుండ్రటి తోళ్లు. ఒకదాని నిండా పూల చిల్లులు. రెండోది బోసిగా, అంచున ఒక ముక్క దారంతో వేలాడుతూ ఉంది. రెంటినీ తీసి మంచం కోడు పక్కన పెట్టి, పంచెను గోడకు కట్టాం.

మా పక్కింటి ఖాసింబక్క ఈ చప్పుడంతా విని వచ్చింది. ఆమె నాకంటే పెద్దది, మోకాళ్లు పని చేయవు కానీ వింత చూడాలంటే ఎంత దూరమైనా వస్తుంది. "ఏమే సుంకీ, ఇంట్లో సినిమా ఆడిస్తాండారంట?" అంటూ మంచం మధ్యలో చోటు చేసుకుని కూర్చుంది. శాంతి తలుపులు మూసి మొదలుపెట్టింది. అబ్బ, ఏం రంగులు, ఏం హంగులు. అక్షరాలు పైనుంచి గిరగిరా తిరుగుతూ దిగుతున్నాయి. బాణాలు పరిగెత్తుతున్నాయి. ఒక బొమ్మ ఇంకా ముక్కూమొహం చూపించకముందే రెండోది వచ్చి దాన్ని పక్కకు నెడుతోంది. పిల్ల మా వైపు చూడకుండా, తెర మీద రాసి ఉన్నదాన్నే తెరకు చదివి వినిపిస్తోంది. రాసింది అక్కడే ఉంటే చదవడం దేనికో నాకు తెలియలేదు. కాసేపటికి ఖాసింబక్క గురక మొదలైంది. నేనూ కళ్లు మూయలేదని చెప్పను.

శాంతి బొమ్మలు ఆపేసింది, తెర మీద ఉత్త వెలుగు మిగిలింది. "చూస్తివా? మీరు కూడా!" అంది. ఏడుపు ఆపుకోవడానికి చేతికి దొరికింది పట్టుకుంది. అది మంచం కోడు దగ్గరి పూల తోలు. దాన్ని ఆ చిన్న పెట్టె వెలుగుకు అడ్డం పెట్టి చూసింది. మా తెరపంచె మీద ఎర్రటి గుండ్రటి నీడ, దాని నిండా వెలుగు పూలు. "అవ్వా, ఇదేంది? ఎంత బాగుండాది!"

"అది మాయ" అన్నాను. "మా నాయన చేసినాడు. తప్పుగా చేసినాడు."

మా నాయన తోలుబొమ్మలు చేసేవాడు, ఆడించేవాడు. బెళుగుప్పకు ఇవతల మా ఊళ్లో మాది ఒక్కటే బొమ్మల ఇల్లు. వాన పడని ఏళ్లే మా వైపు ఎక్కువ కాబట్టి, పొలం పని లేని జనం బొమ్మలాట పెట్టించుకునేవాళ్లు. మా ఇంటి ముందు తొట్టిలో ఎప్పుడూ మేకతోళ్లు నానుతుండేవి. వేడినీళ్లు పోసి బొచ్చు గీకి, మేకులు కొట్టిన చట్రానికి లాగి కట్టి ఎండబెడితే అవి ఉల్లిపొర మాదిరి పలచగా, వెలుగు పారేట్టు అయ్యేవి. ఆ వాసనకు చుట్టాలు మా ఇంట్లో అన్నం తినేవాళ్లు కాదు. మాకు మాత్రం ఆ వాసనలోనే ఆకలి పుట్టేది. మా అమ్మ పొయ్యి మీద సంగటి కెలుకుతూ, ఒక చేత్తో ఊరుబిండి పచ్చడికి వేరుసెనగ గింజలు వేయిస్తూ, మధ్యలో లేచి వచ్చి తోళ్లకు రంగులద్దేది. ఆమె నూరిన కారం ఎరుపో, తోలుకద్దిన ఎరుపో తెలియని చేతులతో మాకు ముద్దలు పెట్టింది. నా పని దీపం. నాయన ఉలితో చిల్లులు కొడుతుంటే తోలు వెనక ఆముదం దీపం పట్టుకుని కూర్చోవాలి. చేయి కదిలిందంటే ఆయన తల ఎత్తకుండానే, "యాడికి పోయినావే వెలుగూ?" అనేవాడు. నా పేరు సుంకమ్మ అని ఆయనకు గుర్తుండేదో లేదో, నన్ను వెలుగూ అనే పిలిచేవాడు.

ఏ బొమ్మకైనా కన్ను ఆఖర్న తెరవాలి. అది మా ఇంటి పద్ధతి. ఒళ్లంతా కోసి, రంగులద్ది, నగలకు చిల్లులు కొట్టి, అంతా అయ్యాక నాయన తలస్నానం చేసి వచ్చి కన్ను కొట్టేవాడు. ఆ పూట ఎవరితోనూ మాట్లాడడు. అమ్మ కూడా గరిటె చప్పుడు కానిచ్చేది కాదు. కన్ను తెరిచి, బొమ్మను దీపానికి ఎదురు పెట్టి, ఆ కంట్లోంచి వెలుగు తన మీద పడగానే, "వచ్చినావా తల్లీ" అనేవాడు. మగ బొమ్మైతే "వచ్చినావా నాయనా". రాక్షసుడైనా సరే, పలకరించి గానీ పెట్టెలో పెట్టేవాడు కాదు. ఇంటికి వచ్చిన మనిషిని పలకరించనట్టు అవుతుంది కదా అనేవాడు.

అప్పట్లో వారానికోసారి జీపులో ఒక డాక్టరమ్మ వచ్చేది. కోస్తా వైపు మనిషి, చిన్న వయసు. కొంగులో ఎప్పుడూ వేయించిన వేరుసెనగ గింజలు మూట కట్టుకుని తింటూ ఉండేది. ఊరూరికీ కొందరు వయసు ఆడపిల్లలను ఎంచి కాన్పులు చేయడం నేర్పించాలని వచ్చింది. పాత మంత్రసానులు, మాకు నేర్పే మొనగత్తె ఎవతని రానే లేదు. వచ్చినవాళ్లలో మా అమ్మ చెల్లెలు ముత్యాలు చిన్నమ్మ ఒకతె. అప్పటికి ఆమె ఒక్క కాన్పు కూడా కళ్లతో చూసి ఎరగదు. ధైర్యం మాత్రం ఊరికంతా సరిపోయేంత ఉండేది. డాక్టరమ్మ గోడ మీద బొమ్మ వేసే ఒక యంత్రం తెచ్చింది, కానీ కరెంటే లేని మా ఊళ్లో అది జీపు దిగనే లేదు. తర్వాత కాగితం పటం తెచ్చి గోడకు తగిలించింది. అందులో నడుం నుంచి తొడల దాకానే ఒక ఆడమనిషి, నిలువునా కోసి లోపల బిడ్డ. పిల్లలంతా బిగుసుకుపోయారు. చివరికి చిన్నమ్మే అడిగింది.

"అమ్మా, ఈమె తల యాడ? యారు కోసినారమ్మా?"

ఆ రోజు పాఠం అక్కడితో ఆగిపోయింది. మరుసటి వారం డాక్టరమ్మ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. తొట్టిలో తోళ్లను చూసి ముక్కు మూసుకోలేదు, అందుకే మా అమ్మకు నచ్చింది. "మీ వాళ్లకి తలా కాళ్లూ ఉన్న మనిషి కావాలండీ. మీ తెర మీదైతే చూస్తారు. చేసిపెడతారా?" అని నాయనను అడిగింది. నాయన ఒప్పుకున్నాడు. నిండు మనిషి బొమ్మ చేశాడు, కడుపులో తలకిందులుగా బిడ్డ. బిడ్డకు మొలతాడు, చెవులకు పోగులు. డాక్టరమ్మ పకపకా నవ్వి, ఉండనివ్వండి అంది. తల్లికి కన్ను తెరిచాడు, బిడ్డకు తెరిచాడు, ఇద్దరినీ పలకరించాడు. ఇక మాయ మిగిలింది. ఎర్రగా, గుండ్రంగా కోసి రంగు అద్దాడు. దీపానికి ఎదురు పెట్టి ఎంతోసేపు చూశాడు. దానికి ముఖం లేదు, కన్ను లేదు. ఎట్లా పలకరించాలి? ఆ పూట సంగటి కూడా సరిగ్గా తినలేదు. పొద్దు వాలేముందు ఉలి తీసుకుని, అమ్మవార్ల చీరలకు కొట్టే మల్లెపూల వరసలన్నీ దాని మీద కొట్టాడు. నేను దీపం పట్టాను. వెలుగు పూలై ఆయన ముఖం మీద పడింది. అప్పుడు "వచ్చినావా తల్లీ" అన్నాడు.

ఊరి గోదాములో కిటికీలకు గోనెసంచులు కట్టి పట్టపగలే చీకటి చేసి ఆట పెట్టారు. అది పాఠమని ఎవరూ అనలేదు, ఆట అనే అన్నారు. వచ్చిన పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. మాయ తెర మీదికి వచ్చినప్పుడు గోదామంతా ఆహా అంది. డాక్టరమ్మ కూడా, "ఎంత అందంగా చేశారండీ" అని చప్పట్లు కొట్టింది. బిడ్డ పుట్టాక మాయ వస్తుందని, అది నిండుగా వచ్చిందో లేదో చూసుకోవాలని చెప్పింది. చెప్పింది మాటలతో. కళ్లకు కనబడింది మాత్రం పూలు.

చిన్నమ్మ ఒంటరిగా చేసిన మొదటి కాన్పు మా ఊరి చివరి ఇంట్లో. పిల్ల సుఖంగా పుట్టింది, కేరుమని ఏడ్చింది. వెనకే మాయ వచ్చింది. చిన్నమ్మ దాన్ని కడిగి, వాకిట్లో వెలుగులో ఎత్తి పట్టుకుని చూసింది. ఒక్క పువ్వు లేదు. దాన్ని ఒక కుండలో పెట్టి, మీద ఆముదపు ఆకు కప్పి, డాక్టరమ్మ ఆ రోజు పక్కూరికి వచ్చి ఉంటుందని తెలిసి బయలుదేరింది. నన్ను కూడా వెంట పెట్టుకుంది, దేనికంటే కుక్కలను తోలడానికి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఎర్రనేల దారిన చిన్నమ్మ కుండ పట్టుకుని ముందు, నేను కంపకర్ర పట్టుకుని వెనక, మా వెనక రెండూళ్ల కుక్కలు. ఎదురొచ్చిన బండివాడు, "ఏమప్పా, పెండ్లికి పోతాండారా, మేళం బాగుండాదే!" అన్నాడు. చిన్నమ్మ కుండను ఇంకా గట్టిగా పట్టుకుని అడుగు పెంచింది.

డాక్టరమ్మ జీపు నీడలో గింజలు తింటోంది.

"అమ్మా, మాయ చెడిపోయి వచ్చినాది" అంది చిన్నమ్మ, కుండ ముందు పెట్టి.

"ఏమైంది? తల్లి బాగుందా? రక్తం పోతోందా?"

"తల్లి బాగుండాది, సంగటి తింటాంది. దీనికే ఏమో అయినాది. ఒక్క పువ్వన్నా లేదు చూడమ్మా!"

డాక్టరమ్మ కుండలోంచి మాయను పళ్లెంలోకి తీసి, చుట్టూ వేలు పెట్టి తడిమి చూసింది. నిక్షేపంగా ఉంది. విషయం అర్థమై నవ్వడం మొదలుపెట్టింది. కళ్లనీళ్లు వచ్చేదాకా, జీపు చక్రాన్ని పట్టుకుని నవ్వింది. ఆమెను చూసి నేనూ నవ్వాను, చిన్నమ్మ కూడా అంతా బాగుందని తెలిసి నవ్వింది. అంతలో డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది.

"ముత్యాలూ, దీనికి ఇదిగో ఇక్కడ ఒక చిల్లు ఉందనుకో. అప్పుడేమనుకునేదానివి?"

"మంచిగా వచ్చిందనుకుందునమ్మా. మట్టిలో పూడ్చి, ఇంటికి పోయి నీళ్లు పోసుకుందును."

డాక్టరమ్మ మాయ అంచు మీద వేలు పెట్టింది. "చిల్లు ఉందంటే ఆ ముక్క లోపలే ఉండిపోయిందన్నమాట. అది లోపలుంటే రక్తం ఆగదు. తెల్లారేసరికి తల్లి మిగలదు" అంది. తర్వాత మా ఇద్దరినీ జీపు ఎక్కించుకుని నేరుగా మా ఇంటికి వచ్చింది. నేను జీపు ఎక్కడం అదే మొదలు. ఆ భయంలో కూడా కుక్కలు వెనకపడిపోవడం చూసి సంతోషపడ్డాను.

నాయన తొట్టి దగ్గర తోలు గీకుతున్నాడు. సంగతంతా విని కత్తి కింద పెట్టాడు.

"కన్ను లేదు గదమ్మా దానికి. కన్ను లేనిదానికి పానం యాడ్నుంచి వస్తాది? అందుకని పూలు కొట్టినా."

"నేను కూడా చూసి చప్పట్లు కొట్టాను కదండీ" అంది డాక్టరమ్మ. "నేను నోటితో ఎంత చెప్పినా పిల్లలు కంటికి మెరిసిందే పట్టుకెళ్లారు. పూలు లేకుండా ఇంకోటి చేయండి."

"పూలు లేకుంటే అది బొమ్మెట్లయితాది? రొట్టె మాదిరి ఉంటాది."

లోపలినుంచి మా అమ్మ అందుకుంది. "రొట్టె మాదిరే ఉండనీ. రొట్టెకు చిల్లు పడితే కనబడతాది. పూలలో చిల్లు పడితే యారికి కనబడతాది?"

నాయన రెండు పూటలు అలిగాడు. బొమ్మలతో తప్ప మనుషులతో మాట్లాడలేదు. ఆ తర్వాత లేచి బోసి మాయను కోశాడు. డాక్టరమ్మ అడిగిందని, అంచున ఒక ముక్క ఊడదీసి మళ్లీ దారంతో కట్టేట్టు చేశాడు. యుద్ధంలో రాక్షసుల తలలు తెగిపడే బొమ్మలు చేసే మనిషికి అది పెద్ద పని కాదు. పని అయితే చేశాడు గానీ, దాన్ని పలకరించలేదు. దీపానికి చూపించి, చిల్లు లేదని సరిచూసుకుని, గోడ మేకుకు తగిలించాడు, అంతే.

ఈసారి గోదాములో ఆట వేరేగా నడిచింది. ముందు నిండు మాయను చూపించారు. తర్వాత డాక్టరమ్మ చేయి ఎత్తగానే నేను దీపం మీద చేట అడ్డం పెట్టాలి. తెరంతా చీకటి. ఆ చీకట్లో డాక్టరమ్మ ఒక్క మాట మాట్లాడదు. పిల్లలు తాము చూసిందేమిటో తలలో వెతుక్కుంటూ గుసగుసలాడుతుంటారు. మళ్లీ చేట తీసేసరికి తెర మీద మాయ, కానీ ఈసారి నిండుగా ఉందా, ముక్క పోయిందా? చెప్పాలి. మొదట్లో అందరూ తప్పే చెప్పారు. ఒకతె ఉందంటే ఇంకొకతె లేదంటుంది, జుట్లు పట్టుకునేదాకా పోయారు. గెలిచినవాళ్లకు డాక్టరమ్మ కొంగులోంచి గుప్పెడు గింజలు. పోను పోను, చేట తీసీ తీయకముందే, "కుడి పక్క పోయినాది, అంచున పోయినాది!" అని అరిచేవాళ్లు. తెర మీద వెలుగున్నప్పుడు కంటే, చేట అడ్డం పెట్టినప్పుడే వాళ్లు ఎక్కువ చూశారని నాకిప్పుడు అనిపిస్తుంది. అప్పుడైతే చేయి నొప్పి తప్ప నాకేమీ అనిపించలేదు.

కొన్నాళ్లకు మా వీధికి కోడలిగా వచ్చిన ఒక అమ్మాయికి తొలి కాన్పు అయింది. మగబిడ్డ. ఇంట్లో అందరూ సంబరంలో ఉంటే, చిన్నమ్మ ఒక్కతే మాయను పళ్లెంలో పరిచి తిప్పి తిప్పి చూసింది. అంచున వేలంత ముక్క లేదు. పూడ్చడానికి గుంత తవ్విన అత్తగారు విసుక్కుంటుంటే, "ఇంగ ముట్టొద్దండి దీన్ని, బండి కట్టండి బిన్నా!" అని అరిచింది. డాక్టరమ్మ ఉండే ఆసుపత్రికి బండిలో ఆ పళ్లాన్ని కూడా వెంట తీసుకుపోయారు. దారిలోనే రక్తం మొదలైంది. డాక్టరమ్మ ఆ ముక్కను తీసేసింది. మనిషి నిలిచింది. చిన్నమ్మ తిరిగి వచ్చి మా గడపలో కూలబడి చెప్పింది. నాయన అంతా విన్నాడు. లేచి గోడ మేకుకున్న బోసి మాయను దించాడు. "దీపం ముట్టీయే వెలుగూ" అన్నాడు. నేను ముట్టించాను. దాన్ని దీపానికి ఎదురు పెట్టుకుని, కన్నూ లేదు, పువ్వూ లేదు, అయినా చాలాసేపు చూసి, "వచ్చినావా తల్లీ" అన్నాడు.

నేను ఇక్కడిదాకా చెప్పేసరికి శాంతి నోరు తెరుచుకుని వింటోంది. ఖాసింబక్క గురక ఎప్పుడో ఆగింది.

"ఆ కోడలు యారవ్వా?" అంది శాంతి.

"నీ పక్కన పండుకోని సినిమా చూసినాది చూడు, ఆమె."

శాంతి ఉలిక్కిపడి ఖాసింబక్క వైపు తిరిగింది. ఆమె కళ్లు మూసుకునే, "నాకేం తెలీదు పాపా. బండి కుదుపు ఒక్కటే గుర్తుండాది. మా బాషా ఆ పొద్దు పుట్టినోడే. ఇప్పుడు దుర్గం దావలో ఆటో తోల్తా వాడు కూడా అట్లనే కుదుపుతాడు" అంది.

తర్వాత శాంతి కంప్యూటర్ ముందు పెట్టుకుని తన పాఠాన్ని మొదటినుంచి చూసింది. తిరిగే అక్షరాల దగ్గర ఆగి, "ఇది పువ్వేనా అవ్వా?" అంది. ఖాసింబక్క, "పువ్వే, పెరుకు" అంది. పరిగెత్తే బాణాలు, పెరుకు. మూలన ఊగుతున్న పసిపాప బొమ్మ, అది కూడా పెరుకు. ఇద్దరూ కలిసి తోటనంతా పెరికేశారు. ఒకచోట మాత్రం నేను అడ్డుపడ్డాను. తల్లి రక్తం మాయలోకి రావడం, బిడ్డ రక్తం సన్నటి వేళ్లలాంటి దారుల్లో పారడం, రెండూ కలవకుండానే తిండి ఇచ్చిపుచ్చుకోవడం, అదంతా కదులుతూ కనబడే బొమ్మ ఒకటి ఉంది. అది చూసి నేను చేయి నోటికి అడ్డం పెట్టుకున్నాను. మా నాయన ఎన్ని దీపాలు పెట్టినా రక్తాన్ని పారించలేకపోయాడు. ఇప్పటి పిల్లలు కడుపు కోయకుండానే కడుపు లోపల ఏం జరుగుతోందో చూస్తున్నారు. కుండలో పెట్టుకుని కుక్కల మధ్య నడవాల్సిన పని లేదు. అది పాతకాలం కంటే మేలు కాదని నేనెట్లా అంటాను? "దాన్ని ఉండనీ. అది పువ్వు కాదు" అన్నాను. "అది చూపించినాక మాత్రం కొంచేపు ఆర్పేసి గమ్మునుండు. వాళ్లను వెతుక్కోనీ."

ఆదివారమంతా మాకే చెప్పింది. ఖాసింబక్క ఒక్కసారి కూడా నిద్రపోలేదు, పైగా ప్రశ్నలడిగి పిల్ల ప్రాణం తీసింది. సాయంత్రం బాషా ఆటోలో బస్సుకు పోయింది. రెండు తోళ్లనూ తువ్వాలులో చుట్టి వెంట తీసుకుపోయింది. సోమవారం నేను పొద్దున్నుంచి ఫోను కొంగులో కట్టుకుని తిరిగాను. మధ్యాహ్నం మోగింది.

"అవ్వా, యారూ నిద్రపోలేదు!"

ముందు తెర మీద ఉత్త తెల్లటి వెలుగు పెట్టి, దానికి అడ్డంగా పూల తోలు పట్టుకుందట. ఆహా అన్నారట, మా గోదాములో లాగే. తర్వాత బోసిది పట్టుకుని, "ఈ రెండిట్లో ఒకదాన్ని నమ్ముకుంటే తల్లి చచ్చిపోతాది, ఏది?" అని అడిగి వెలుగు ఆర్పేసిందట. చీకట్లో ఒకటే గోల. కదిలే బొమ్మ చూపించి, మళ్లీ ఆర్పి, చూసింది కాగితం మీద గీయమందట. అందరూ గీశారట. ఒక్క పిల్లవాడు మాత్రం మాయ అంతా సరిగ్గా గీసి, అంచు చుట్టూ మల్లెపూలు కూడా వేశాడట.

"మా నాయన చూసింటే వాణ్ణి ముద్దు పెట్టుకునేవాడు" అన్నాను.

"సారు ఆ తోలు కాలేజీలో పెట్టుకుంటానంటాండాడవ్వా. ఒకటి ఇస్తామా?"

"పూలు లేనిదియ్యి" అన్నాను.

పక్కనే చెవి పెట్టి వింటున్న ఖాసింబక్క ఫోను లాక్కుంది. "నా పానం కాసిండేదాన్ని, నన్నడక్కుండా ఇచ్చేస్తారేమే?" అని కసిరింది. మళ్లీ తనే, "సరే, ఇయ్యి. అద్దాల పెట్టెలో పెట్టి బీగం ఏసుకోవద్దని చెప్పు మీ సారుకు. ఆ ముక్క ఊడదీసి పిల్లోళ్లను అడుగుతా ఉండమను" అంది.

తర్వాతి సెలవుల్లో శాంతి వచ్చింది. బాషా ఆటో మా వాకిట్లో ఆగేసరికి నేను పొయ్యి ముందున్నాను. పిల్ల దిగి, తువ్వాలు విప్పి, పూల తోలును ఎండకు ఎత్తి పట్టుకుని గడపలో నిలబడింది. మా నీలం గోడ మీద, నా చీర మీద, సంగటి గిన్నె మీద అంతటా పూలు పడ్డాయి. నా నోటివెంట దానంతటదే వచ్చేసింది.

"వచ్చినావా తల్లీ."

"యారిని అడుగుతాండావే సుంకీ?" అంది అరుగు మీది నుంచి ఖాసింబక్క. "పిల్లనా, తోలునా?"

"ఇద్దర్నీ" అన్నాను. "సంగటి చల్లారిపోతాంది, లోపలికి రాండి."